తైదలు అని కొడితే ఏమీ రాలేదు: ఒక రైతు సలహా కేంద్రంలో సూచీ పదాల కేస్ స్టడీ

ఈ కేసులో సంస్థ పేరు, ఊరు, మనుషుల పేర్లు చెప్పడం లేదు. ఎవరినీ గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను. పదాలు మాత్రం మార్చలేదు. కేసంతా వాటి గురించే.

నేపథ్యం

నేను గ్రంథాలయ శాస్త్రం చదివాను. పుస్తకాలకు, నివేదికలకు విషయ శీర్షికలు, సూచీ పదాలు (వెతికితే దొరికేలా ఇచ్చే మాటలు) ఇవ్వడం, థెసారస్‌లు (ఒక్కో విషయానికి ఏ పదం వాడాలో, దానికి దగ్గరి పదాలేవో చూపే జాబితాలు) కట్టడం నా పని. కొన్నేళ్ళ క్రితం రెండు తెలుగు రాష్ట్రాల రైతులకు ఫోన్లో సలహాలిచ్చే ఒక కేంద్రం నన్ను పిలిచింది. వ్యవసాయ డిప్లొమానో డిగ్రీనో చేసిన యువకులు, యువతులు అక్కడ హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటారు. రైతు ఫోన్ చేసి బాధ చెబుతాడు. వాళ్ళు కంప్యూటర్లో వెతికి, సరిపోయే సలహాపత్రం తీసి, అందులో ఉన్నది విడమరిచి చెబుతారు. పత్రాలు కొన్ని వేలున్నాయి. అన్నీ శాస్త్రవేత్తలు జాగ్రత్తగా రాసినవే.

నాకు చెప్పిన ఫిర్యాదు ఒకటే: ఉన్న కాగితమే దొరకడం లేదు. పాతవాళ్ళు గుర్తుమీద నడిపిస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళు పక్క సీటువాళ్ళని అడుగుతున్నారు. పక్క సీటువాళ్ళు కూడా కాల్‌లో ఉంటే రైతుని లైన్‌లో ఆపి టెన్షన్ పడుతున్నారు. యాజమాన్యం అనుకున్నది, వీళ్ళకి వెతకడం రాదని, రెండు రోజుల ట్రైనింగ్ ఇస్తే సరిపోతుందని. ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు ఒక వారం వాళ్ళ పక్కన కూర్చుని వింటానని అడిగాను. ఒప్పుకున్నారు. ఆ వారమే లేకపోతే ఈ పనిని పూర్తిగా తప్పు దారిలో చేసేదాన్ని.

వారం రోజులు విన్నది

మొదటి రోజు పొద్దున్నే ఒక అమ్మాయి వెతుకులాట పెట్టెలో ‘తైదలు’ అని కొట్టింది. ఏమీ రాలేదు. ఆమె ఒక్క క్షణం ఆగి, చెరిపేసి, ‘రాగి’ అని కొట్టింది. పత్రాలు వచ్చాయి. కానీ వాటిలో సగం రాగి పంటవి కావు. సూక్ష్మ ధాతువుల గురించి రాసినవి, రాగి లోపం, రాగి మోతాదు. కాల్ అయ్యాక అడిగితే ఆమె చెప్పింది: “మా దిక్కు తైదలంటరు మేడమ్. రైతు తైదలనే అన్నడు. నాకు రాగి అని గుర్తొచ్చింది కాబట్టి సరిపోయింది.” శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే కాల్స్‌లో అదే పంట చోళ్ళు అవుతుంది. చోళ్ళు అన్నా ఏమీ రాదు.

అలాంటివి రాసుకుంటూ పోయాను. వేరుశనగని తెలంగాణ రైతు పల్లీ అంటాడు, అనంతపురం రైతు చెనక్కాయ అంటాడు. మొక్కజొన్న మక్కలు అవుతుంది. మినుములు రాయలసీమలో ఉద్దులు అవుతాయి. ఇవి సులువైనవి. ఒక వస్తువు, నాలుగు పేర్లు.

రెండో రకం ఇంకాస్త కష్టం. ‘మందు’ అనే మాట చూడండి. కోస్తా రైతు “మందు వేశానండీ” అంటే యూరియా చల్లి ఉండొచ్చు, పురుగుమందు కొట్టి ఉండొచ్చు, కలుపుమందు కూడా కావచ్చు. ‘దోమ’ అన్నా అంతే. వరి రైతు దోమ అంటే సుడిదోమ, పత్తి రైతు దోమ అంటే పచ్చదోమో తెల్లదోమో. ఒక పేరు, నాలుగు వస్తువులు.

మూడో రకం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. రైతు అసలు పేరే చెప్పడు. పేరు తెలిస్తే ఫోన్ ఎందుకు చేస్తాడు? “నాటు వేసి మూడు వారాలైంది, ఆకులు తుప్పు పట్టినట్టున్నాయి” అంటాడు. ఆపరేటర్ ‘తుప్పు’ అని కొడితే వేరుశనగ తుప్పు తెగులు వస్తుంది. ఆ రైతు వేసింది వరి. నాటిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తే ముందు అనుమానించాల్సింది జింకు లోపాన్ని. తీయాల్సింది లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి కొట్టమని చెప్పే పత్రం. అది జింకు అనే పేరు కింద భద్రంగా ఉంది. ఆ రైతుకు గాని, ఆ క్షణంలో ఆపరేటర్‌కి గాని జింకు అనే మాట తట్టే దారే లేదు.

వారం చివర యాజమాన్యానికి చెప్పాను, ట్రైనింగ్ వద్దని. వెతికేవాళ్ళలో లోపం లేదు. పత్రాలు రాసినవాళ్ళు కారణం పేరుతో రాశారు, అడిగేవాళ్ళు కంటికి కనిపించిన దానితో అడుగుతున్నారు. మధ్యలో వంతెన లేదు. పరిశోధకుడు జార్జి ఫర్నాస్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు అనుకోకుండా ఒకే పేరు పెట్టే అవకాశం 20 శాతం కన్నా తక్కువని తేలింది. అది కంప్యూటర్ ఆదేశాలు, వంటల వంటి మామూలు విషయాల్లో. ఇక్కడ ఆ ఇద్దరిలో ఒకరు శాస్త్రవేత్త, మరొకరు రైతు. ఇద్దరి మధ్యా జిల్లాలు కూడా ఉన్నాయి.

మొదటి ప్రయత్నం: శాస్త్రీయ పదజాలం

నా చదువు నాకు నేర్పిన దారిలోనే మొదలుపెట్టాను. ఒక నియంత్రిత పదజాలం ఉండాలి. ప్రతి విషయానికి ఒకే ఆమోదిత పదం, పత్రాలన్నీ ఆ పదం కిందే. కొత్తగా కట్టడం ఎందుకని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపే ఆగ్రోవాక్‌ని ఆధారంగా తీసుకున్నాను. 1980ల మొదట్లో మొదలైన ఆ పదజాలంలో ఇప్పుడు 40 వేలకు పైగా భావనలున్నాయి. తెలుగు కూడా అందులో ఒక భాష. తెలుగు పేరు లేని చోట విశ్వవిద్యాలయాల ప్రచురణల్లో వాడే పదం తీసుకున్నాం.

ఇలా ఎందుకు ఎంచానో చెప్పాలి, ఎందుకంటే ఆ కారణాలు ఇప్పటికీ తప్పు కావు. శాస్త్రీయ భావనకు హద్దులుంటాయి. ఒక పురుగు మరో పురుగుతో కలిసిపోదు. పరిశోధన సంస్థ నుంచి కొత్త పత్రం వస్తే నేరుగా వచ్చి తన గదిలో కూర్చుంటుంది. పత్రాలకు పదాలు ఇచ్చేవాళ్ళు మారినా పద్ధతి మారదు. 1911లో గ్రంథాలయ నిపుణుడు విండమ్ హ్యూమ్ చెప్పిన సూత్రం కూడా నా వైపే ఉంది: వర్గాలు, పదాలు ఆ సాహిత్యంలో నిజంగా ఉన్నవాటి నుంచే రావాలి. మా సాహిత్యం సలహాపత్రాలు. వాటిలో ఉన్నవి ఈ పదాలే.

రెండు నెలలు పట్టింది. పత్రాల అమరిక అందంగా వచ్చింది. వెతుకులాట మాత్రం బాగుపడలేదు. ఆపరేటర్‌కి పదాల జాబితా తెరిచి చూసే తీరిక లేదు. రైతు మాట్లాడుతుండగానే వేళ్ళు కదులుతాయి, చెవిలో పడిన మాటే పెట్టెలో పడుతుంది. నా జాబితాలో ఆ మాట లేదు. పత్రాల వైపు నుంచి మాత్రమే ఆలోచించానని అప్పుడు అర్థమైంది. పత్రాలు ఫోన్ చేయవు, రైతులు చేస్తారు.

రెండో ప్రయత్నం: పదజాలమే లేకుండా

కేంద్రంలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు మొదటినుంచీ ఒక మాట అంటున్నారు: పదజాలం ఎందుకు, పత్రంలోని ప్రతి మాటనీ సూచీలో పెట్టేద్దాం, యంత్రమే వెతుకుతుంది. వాళ్ళ వాదనకు బలమైన చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో గ్రంథాలయాధికారి సిరిల్ క్లెవర్‌డన్ 1960లలో చేసిన రెండో విడత పరీక్షల్లో, విమానశాస్త్రానికి సంబంధించిన 1,400 పత్రాల మీద రకరకాల సూచీ భాషల్ని పోల్చారు. ఎంతో శ్రమతో కట్టిన నియంత్రిత పదజాలాల కంటే పత్రంలోంచి తీసిన మామూలు విడి మాటలే మెరుగ్గా పనిచేశాయి. సూచీకరణ రంగంలో ఉన్నవాళ్ళెవరూ ఆ ఫలితాన్ని పక్కకు నెట్టలేరు. నేనూ నెట్టలేదు. చేసి చూద్దామన్నాను.

ముందు చాలా రోజులు అక్షరాలతోనే గడిచిపోయాయి. పాత పత్రాలు కొన్ని యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. మార్చేటప్పుడు ఒత్తులు జారిపోయాయి. వేరుశనగ, వేరుశెనగ, వేరుసెనగ అని మూడు స్పెల్లింగులున్నాయి. పదం మధ్యలో కంటికి కనపడని అతుకు అక్షరాలున్నాయి, చూడటానికి రెండు పదాలూ ఒక్కటే, యంత్రానికి వేరు. ఇది పదజాలం ఎంపిక కాదు గానీ, ఇది సరిచేయకుండా దాని మీద ఏది కట్టినా నిలవదు.

తర్వాత అసలు చిక్కు మొదలైంది. తెలుగు మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వరిలో, వరికి, వరిపైరు, అన్నీ వరే కాబట్టి యంత్రానికి మాట మొదలు పట్టుకుని, లోపలి ముక్కల్ని కూడా చూడమని చెప్పారు. అప్పుడు జొన్న అంటే మొక్కజొన్న వచ్చింది. శనగ అంటే వేరుశనగ వచ్చింది, ‘శనగపచ్చ పురుగు’ పేరు ఉన్నందుకు పత్తి, కంది పత్రాలూ వచ్చాయి. ఉల్లి అంటే వరిలో వచ్చే ఉల్లికోడు వచ్చింది. నల్లి (ఆకుల రసం పీల్చే, సాలీడు జాతి చిన్న జీవి) అంటే పిండినల్లి వచ్చింది, అది నల్లి జాతే కాదు. మాట మొదలు పట్టుకోవడానికి చివర అచ్చులు కోసేసే చోట నల్లి, నల్ల ఒకటయ్యాయి. ఎండకు ఆకులు ‘కందిపోయాయి’ అని కొడితే కంది పంట వచ్చింది. లోపలి ముక్కల్ని చూడొద్దంటే ఇవన్నీ పోయాయి గానీ, వాటితోపాటు నిజంగా కావలసిన సమాసాలూ పోయాయి.

ఇవి సాంకేతిక లోపాలు, ఓపికగా సరిచేయొచ్చు. ఇంజనీర్లు చాలావరకు సరిచేశారు కూడా. అయినా తైదలు, ఉద్దులు సున్నాగానే ఉన్నాయి. పత్రంలో లేని మాట ఎంత గొప్ప యంత్రానికైనా పత్రంలో దొరకదు. క్రాన్‌ఫీల్డ్‌కీ మాకూ తేడా అక్కడే ఉందని నాకు అనిపించింది. అక్కడ పత్రం రాసినవాళ్ళూ, ప్రశ్న అడిగినవాళ్ళూ ఒకే వృత్తివాళ్ళు, ఒకే పుస్తకాలు చదివినవాళ్ళు. పత్రంలోని మాటే అడిగేవారి నోట్లోనూ ఉంది. ఆ ఫలితం మీద ఆధారపడే ముందు ఆ షరతు మన దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. మా దగ్గర లేదు.

మూడో ప్రయత్నం: పర్యాయపదాల గుంపులు, దాని వల్ల జరిగిన నష్టం

ఇక్కడే నేను తప్పు చేశాను. వారం రోజులు విన్నప్పుడు రాసుకున్న మాటలు, ఆపరేటర్లు చెప్పిన మాటలు అన్నీ పోగుచేసి గుంపులు కట్టాం. గుంపులో ఏ మాట కొట్టినా గుంపు మొత్తానికి సంబంధించిన పత్రాలు వస్తాయి. తైదలు, చోళ్ళు, రాగి ఒక గుంపు. పల్లీ, చెనక్కాయ, వేరుశనగ ఒక గుంపు. ఒక్క రోజులో వెతుకులాట మారిపోయింది. సున్నా ఫలితాలు దాదాపు ఆగిపోయాయి. అందరూ సంతోషించారు. ఆ ఉత్సాహంలో మిగతా మాటల్నీ అలాగే గుంపులుగా కట్టాం. ‘ముడత’ కూడా ఒక గుంపైంది. ముడత, ఆకుముడత, పైముడత, కింది ముడత, బొబ్బర.

మిరప తెలిసినవాళ్ళకి ఈ పాటికి అర్థమై ఉంటుంది. పైముడతలో ఆకుల అంచులు పైకి లేచి పడవలా అవుతాయి, దానికి కారణం తామర పురుగులు. కింది ముడతలో ఆకు కిందికి ముడుచుకుని బోర్లించిన పడవలా ఉంటుంది, కాడ సాగుతుంది, అది నల్లి వల్ల. బొబ్బర వైరస్ తెగులు, దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. మూడింటికీ చేయాల్సింది వేరు. తామర పురుగుకు కొట్టే మందు నల్లిని చంపదు. కొన్ని పురుగుమందులు, ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్లు, నల్లిని ఇంకా పెంచుతాయి.

ఒక రైతు మిరపలో ముడత అని ఫోన్ చేశాడు. గుంపులోంచి పత్రాలు వచ్చాయి, పైన తామర పురుగు పత్రం ఉంది. ఆపరేటర్ దాన్ని చదివాడు. పది రోజుల తర్వాత అదే రైతు మళ్ళీ చేశాడు. మందు కొట్టాక ముడత ఇంకా ఎక్కువైందని చెప్పాడు. అది కింది ముడత. ఆ పిల్లవాడు చాలా కుంగిపోయాడు, తప్పు తనదే అనుకున్నాడు. తప్పు అతనిది కాదని, ఆ గుంపు కట్టింది నేనని అందరి ముందూ చెప్పాను. రైతుకి నల్లి పత్రం చదివి, నీళ్ళలో కరిగే గంధకం సంగతి చెప్పి, పైఅధికారి చేత కూడా మాట్లాడించాం. కానీ ఆ మొదటి పిచికారీ ఖర్చు, పోయిన పది రోజులు ఆయనవే.

గ్రంథాలయంలో తప్పు శీర్షిక ఇస్తే పాఠకుడికి ఒక పుస్తకం దొరకదు. ఇక్కడ తప్పు శీర్షిక ఇస్తే చేనులో తప్పు మందు పడుతుంది. ఆ రాత్రి గుంపులన్నీ మళ్ళీ తెరిచి ఒక్కో మాటనీ ఒకే ప్రశ్న అడిగాను: ఇవి నిజంగా ఒకే వస్తువుకు పేర్లా, లేక ఒకేలా కనిపించే వేర్వేరు వస్తువులా? తైదలు, చోళ్ళు మొదటి రకం. పైముడత, కింది ముడత రెండో రకం. నేను రెండింటినీ ఒకే సూదితో కుట్టేశాను.

పనిచేసింది ఏది

చివరికి నిలబడిన అమరికలో మూడు అంశాలున్నాయి.

మొదటిది భావన. దానికి ఒక అంకె తప్ప పేరు లేదు. ఆగ్రోవాక్‌లో దానికి సమానమైనది ఉంటే ఆ గుర్తింపు కూడా పక్కన దాచాం. మొదటి ప్రయత్నంలోని పని వృథా కాలేదు, పునాదిలోకి వెళ్ళింది. పంట రాగి ఒక అంకె, ధాతువు రాగి మరో అంకె.

రెండోది ప్రవేశ పదాలు, అంటే ఆ భావన దగ్గరికి తీసుకెళ్ళే తలుపులు. ఎన్నైనా ఉండొచ్చు. ప్రతి మాట పక్కన అది ఏ ప్రాంతంలో వినబడిందో రాశాం. ఇక్కడ ఒక గొడవ వచ్చింది, మంచి గొడవ. తెరమీద ఏ పేరు చూపించాలి? నేను వేరుశనగ అన్నాను, పత్రాలన్నీ అదే కదా. తెలంగాణ నుంచి వచ్చిన ఒక ఆపరేటర్ అడిగాడు: “మేము పల్లీ అని కొడితే, ‘వేరుశనగ చూడు’ అని పంపిస్తరా మేడమ్? అంటే మా మాట తప్పా?” నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆలోచిస్తే తెలిసింది, ఆమోదిత పదం ఒక్కటే ఉండాలన్న నియమం గ్రంథాలయాల్లో పుస్తకాల వివరాలు కార్డుల మీద రాసి సొరుగుల్లో పెట్టిన కాలం నాటిది. సొరుగులో ఒక పత్రానికి అన్ని పేర్లతోనూ కార్డులు పెట్టడం కుదరదు, చోటూ ఉండదు, శ్రమా ఎక్కువ. అందుకే ఒక పేరు కింద పెట్టి, మిగతా పేర్ల దగ్గర ‘చూడు’ అని రాసేవాళ్ళం. కంప్యూటర్‌కి ఆ ఇబ్బంది లేదు. కాబట్టి ఎవరు ఏ మాట కొడితే ఆ మాటతోనే శీర్షిక చూపించి, కింద చిన్న అక్షరాల్లో మిగతా పేర్లు పెట్టాం. అచ్చు సూచికలో మాత్రం ఒక పేరు ఎంచక తప్పలేదు, అక్కడ పత్రాల్లోని పేరే ఉంచాం.

ప్రవేశ పదాలు ఎక్కడినుంచి తేవాలి? ఈ పని మనకి కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చింది. ఆ సంపుటం వ్యవసాయానిదే. ఊళ్ళు తిరిగి, రైతుల నోటినుంచి, ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తిస్తూ సేకరించిన పదాలవి. మా పనికి అది తొలి ఆధారమైంది. పనిముట్లు, నేలలు, పంటలు, పనుల పేర్లు బాగా దొరికాయి. కానీ అది వచ్చేనాటికి లేని పురుగులు, లేని మందులు ఇప్పుడున్నాయి. మొక్కజొన్న మీద కత్తెర పురుగు మన దేశంలో మొదట కనబడిందే 2018లో. అందుకని వినడం ఆపకూడదని ఒక పద్ధతి పెట్టాం. ఆపరేటర్‌కి తెలియని మాట వినబడితే ఒక చిన్న కార్డు మీద మాట, జిల్లా, రైతు దాన్ని దేనికి వాడాడు, ఈ మూడూ రాయాలి. ముగ్గురు వేర్వేరు రైతుల నోట ఒకే అర్థంలో వినబడితేనే అది ప్రవేశ పదం అవుతుంది. ఎవరి జ్ఞాపకం నుంచీ మాట చేర్చకూడదు, నాదైనా సరే. ముగ్గురే ఎందుకంటే, ఒక్కరి మాటైతే ఇంటి మాట కావచ్చు, ఇద్దరు ఒకే ఊరివాళ్ళు కావచ్చు.

మూడోది అనుమాన పదాలు. ఇవే ఈ కేసు నాకు నేర్పిన కొత్త విషయం. ముడత, దోమ, మందు, తుప్పు, ఎర్రబడటం. ఇవి కొడితే పత్రం రాదు, ప్రశ్న వస్తుంది. మిరపలో ముడత అంటే తెరమీద: అంచులు పైకి లేచాయా, కిందికి ముడుచుకున్నాయా? కాడ సాగిందా? మొక్క గిడసబారిందా? ఆపరేటర్ అవే రైతుని అడుగుతాడు. జవాబు నొక్కితే పత్రం వస్తుంది. మందు అంటే: బలానికా, పురుగుకా, తెగులుకా, కలుపుకా? యాజమాన్యం దీన్ని మొదట ఒప్పుకోలేదు. కాల్ పొడవవుతుందన్నారు. నిజమే, అవుతుంది. మిరప రైతు రెండోసారి చేసిన కాల్‌ని, దాని తర్వాత పైఅధికారి మాట్లాడిన సమయాన్ని కలిపి చూపించాను. ఒక నెల చూద్దామన్నారు. నెల తర్వాత ఎవరూ తీసేయమనలేదు.

లక్షణాల పని

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది ఇదే. పత్రాలకు కారణం పేరు మాత్రమే కాక, కనిపించే లక్షణం పేరు కూడా ఇవ్వాలని నిర్ణయించాం. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణతో చూపిన దారి ఇక్కడ ఆదుకుంది. విషయాన్ని ఒకే గదిలో పెట్టకుండా ముఖాలుగా విడదీయడం. మా ముఖాలు ఇవి: పంట, మొక్కలో భాగం, పైరు వయసు, లక్షణం, కారణం, చేయాల్సిన పని. శాస్త్రవేత్త కారణం వైపు నుంచి వస్తాడు, రైతు మొదటి నాలుగింటి వైపు నుంచి వస్తాడు. ఇద్దరూ ఒకే పత్రం దగ్గర కలుస్తారు.

లక్షణాల జాబితా హద్దు లేకుండా పెరగకుండా ఒక నియమం పెట్టుకున్నాం: చేలో నిలబడ్డ మనిషి కంటికి, చేతికి, ముక్కుకి తెలిసేదే లక్షణం. ‘రసం పీల్చడం’ లక్షణం కాదు, అది పురుగు చేసే పని, రైతుకి కనపడదు. ‘ఆకు జిగటగా ఉంది’ లక్షణం. ఈ ఒక్క నియమంతో శాస్త్రవేత్తలు సూచించిన పదాల్లో చాలావరకు పక్కకు వెళ్ళాయి. వాళ్ళకి మొదట నచ్చలేదు. ఒక్క ఉదాహరణ వాళ్ళ మనసు మార్చింది. వరిలో కాండం తొలుచు పురుగు పిలక దశలో వస్తే మొవ్వు (పిలక మధ్యలోని లేత చిగురు) చనిపోతుంది, ఈనిన తర్వాత వస్తే తెల్లకంకి వస్తుంది. శాస్త్రవేత్తకు ఒక పురుగు, ఒక పత్రం. మొదటి రైతు “మొవ్వు ఎండింది” అంటాడు, రెండో రైతు “కంకులు తెల్లగా తాలుగా వచ్చాయి” అంటాడు. ఆ రెండు మాటల మధ్య పోలికే లేదు. పైరు వయసు, లక్షణం కలిసి ఉంటేనే ఇద్దరూ ఒకే చోటికి వస్తారు. ముడతలో ఒక లక్షణానికి మూడు కారణాలు, ఇక్కడ ఒక కారణానికి రెండు లక్షణాలు. ఈ రెంటినీ మోయగల అమరికే కావాలని అందరం ఒప్పుకున్నాం.

పరీక్షించడానికి నిజమైన కాల్స్‌లోంచి నలభై ప్రశ్నలు, రైతు అన్న మాటల్లోనే తీసుకున్నాం. ఏ అమరిక నుంచి ఏ ఫలితం వచ్చిందో చెప్పకుండా ఇద్దరు వ్యవసాయ అధికారులకు చూపించి, సరైన పత్రం వచ్చిందా లేదా అని మాత్రం అడిగాం. పర్యాయపదాల గుంపులు సరైన పత్రాన్ని దాదాపు ప్రతిసారీ తెచ్చాయి గానీ, దానితోపాటు ప్రమాదకరమైనవీ తెచ్చాయి. చివరి అమరిక కొన్నిసార్లు పత్రం ఇవ్వకుండా ఇంకో ప్రశ్న అడిగింది, కానీ తప్పు పత్రాన్ని పైన పెట్టడం చాలా తగ్గింది. మాకు రెండోదే కావాలి. పరిశోధకుడికైతే మొదటిదే కావలసి ఉండొచ్చు, అతను ఇరవై పత్రాలు తిరగేసి తనకు కావలసింది ఏరుకోగలడు. ఫోన్‌లో ఉన్న ఆపరేటర్ మొదటిది మాత్రమే చదువుతాడు.

నేర్చుకున్నవి

ఇలాంటి పని ఎవరైనా మొదలుపెడుతుంటే పత్రాల కంటే ముందు ప్రశ్నలు సేకరించమని చెబుతాను. నేను రెండు నెలలు పత్రాల నుంచి పదాలు తీశాను. ఒక వారం విన్న నోటు పుస్తకం అప్పటికే నా బల్లమీద ఉంది. దాన్ని సమస్యకు సాక్ష్యంగా చూశాను గానీ పదజాలంగా చూడలేదు. అదే పదజాలం.

పర్యాయపదం అని రాసే ముందు ఒక పరీక్ష పెట్టండి: ఈ మాటకు బదులు ఆ మాట పెడితే సలహా మారుతుందా? మారితే అవి పర్యాయపదాలు కావు, ప్రజలు రెంటినీ కలిపి వాడుతున్నా సరే. మిరప వ్యవహారం తర్వాత ఈ పరీక్ష లేకుండా ఏ గుంపూ కట్టలేదు.

పదజాలానికి ఒక యజమాని ఉండాలి, బడ్జెట్‌లో ఆ మనిషి జీతం ఉండాలి. దీన్ని మొదట్లోనే ఒప్పందంలో రాయించకపోవడం నా లోపం. 2021 చివర్లో మిరప తోటల్లో కొత్త రకం నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు దాని విలువ తెలిసింది. అప్పటిదాకా మా దగ్గర తామర పురుగు అంటే ఒకటే భావన, దాని లక్షణం పైముడత. ఈ కొత్తది పూలలో చేరుతుంది, పూత రాలిపోతుంది, మామూలు మందులకు సరిగా లొంగదు. ఫోన్లు వరసగా వచ్చాయి, “పూలల్లో నల్ల పురుగులు” అని. పాత భావనని రెండుగా చీల్చాలి, ఏ పత్రం ఏ సగానికి చెందుతుందో చూడాలి, ‘పూత రాలడం’ దగ్గర కొత్త ప్రశ్న చేర్చాలి. పదజాలం చూసే మనిషి అప్పటికి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. నేను మూడు రోజులు అక్కడే కూర్చుని చేశాను. ఆ మూడు రోజుల్లో వచ్చిన కాల్స్‌కి ఆపరేటర్లు మళ్ళీ పక్క సీటునే అడగాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఇద్దరు ఆపరేటర్లకు ఈ పని అప్పగించారు. ఒకరు రాయలసీమ, ఒకరు తెలంగాణ. వారానికి ఒక పూట కాల్స్ ఆపి కార్డులు చూస్తారు. పోయినసారి వెళ్ళినప్పుడు నేను కట్టిన ఒక భావనని వాళ్ళు విడదీసి ఉన్నారు, ‘ఎర్రబడటం’. పత్తిలో ముదురాకుల ఈనెల మధ్య ఎర్రబడితే మెగ్నీషియం లోపం, అంచులు ఎర్రబడి ముడుచుకుంటే పచ్చదోమ అని ఇద్దరూ కలిసి ప్రశ్న రాశారు. నన్ను అడగలేదు. ప్రశ్న సరిగ్గా ఉంది.